మనకే పోయిందా, అందరికీ పోయిందా?

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, గేములో భయపెట్టే జీవిని ఎలా తయారుచేయాలి అని. నేను తిరిగి ఒకటి అడుగుతాను. ఆ జీవి రాకముందు అక్కడ అన్నం ఎవరు వండేవాళ్లు? చాలామంది నవ్వి ఊరుకుంటారు. నవ్వకుండా ఆలోచించినవాళ్లను కూర్చోబెట్టి మిగతాది చెబుతాను. ఆ మిగతాదే ఇక్కడ రాస్తున్నాను.

వీడియో గేముల రూపకల్పనలో నేను పన్నెండేళ్లు పనిచేశాను. అంతకుముందు ఒక కర్మాగారంలో పంపులు, వాల్వులు గీసే డ్రాయింగ్ విభాగంలో ఉన్నాను. 1998 జూన్‌లో, నలభై నాలుగేళ్ల వయసులో, ఈ పనిలో చేరాను. అప్పటికి ఒక్క గేమూ ఆడి ఎరగను. అంతరిక్షంలో నీళ్లు తోడే కేంద్రం ఒకటి గీయాలి, పంపులు తెలిసిన మనిషి కావాలి అన్నారు. పంపులు నాకు తెలుసు. హోదాల సంగతి, జీతాల సంగతి రాయను, వాటి నుంచి నేర్చుకునేది ఏమీ లేదు. 1999 ఎండాకాలం సంగతి రాస్తాను. ఆ రెండు నెలల్లో నేర్చుకున్నదే మిగతా పదేళ్లూ నాకు తిండి పెట్టింది.

రాళ్ల పక్కన ఆఫీసు

మా ఆఫీసు కొండాపూర్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు. కింద యాదగిరి అనే ఆయన జిరాక్సు, ఎస్టీడీ దుకాణం. పైన మేము పదకొండు మందిమి. వెనక బాల్కనీలోంచి చూస్తే బండరాళ్లు, వాటి అవతల కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం. అందులో ఆఫీసు తీసుకునే స్తోమత మాకు లేదు. మా యజమాని ప్రసాదరావు గారు మాత్రం ఎవరికైనా అడ్రసు చెప్పేటప్పుడు "దాని పక్కనేనండి" అనేవారు. పక్కనే అంటే మధ్యలో ఒక ఎడారి ఉండేది.

ప్రసాదరావు గారు తెనాలి వైపు మనిషి. ఫోన్‌లో ఎవరినైనా ఒప్పించగలరు, ఎవరి జీతమూ ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. గేములంటే మాత్రం ఆయనకు ఏమీ తెలియదు. మేము చేస్తున్నది చీకట్లో ఆడాల్సిన ఆట. ఆయన ట్యూబులైటు వేసుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఆడేవారు. అది కూడా మొదటి పురుగు కనపడేదాకానే.

పురుగు అంటే చెప్పాలి. ఒక విదేశీ సంస్థ కోసం మేము చేస్తున్నది సర్వైవల్ హారర్ అనే రకం గేము. ఇందులో ఆటగాడు ఒంటరి. చేతిలో ఆయుధం తక్కువ, దీపం తక్కువ, గాలి తక్కువ. గెలవడం అంటే ప్రాణాలతో బయటపడడం. మా కథ శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు ఉపగ్రహం మీద జరుగుతుంది. అక్కడ నీళ్లు తోడే కేంద్రంలో నలభై మంది పనిచేసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ లేరు. ఆటగాడు మరమ్మతుకు వచ్చిన ఇంజనీరు. మంచు కిందనుంచి వచ్చిన జీవికి ఒప్పందం కాగితాల్లో ఏదో పెద్ద పేరుండేది. మేము పురుగు అనేవాళ్లం.

మొదటి అంకాన్ని కట్టినవాడు నర్సింగ్. మెదక్ వైపు పిల్లవాడు, పాతికేళ్లు దాటినవాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తారీఖులు తప్పుతాయని అప్పట్లో ఊరంతా దిద్దుబాటు పని నడిచేది. ఆ పని ఏడాది చేసి, పారిపోయి మా దగ్గరకు వచ్చాడు. చేతిలో పనితనం ఉన్నవాడు. మంచు గోడ మీద తడి మెరుపు ఎలా ఉంటుందో, ఆ కాలపు కంప్యూటర్ల మీద, అతడు చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదు.

ఏప్రిల్‌లో మొదటి అంకాన్ని సీడీలో ఎక్కించి పంపించాం. అటువైపు పరీక్షించే ఆమె పేరు హెలెన్. ఆమె రాసి పంపిన నివేదికలో మొదటి మూడు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. చూడడానికి బాగుంది. భయం లేదు. ఇక్కడ మనుషులు బతికారని నేను నమ్మలేదు.

ప్రసాదరావు గారు అందరినీ పిలిచి సంగతి దాచకుండా చెప్పారు. జూన్‌లో రెండో పరీక్ష. అందులోనూ కాదంటే గేము మూసేస్తారు. అందరం మదీనాగూడలో ఆయన భాగస్వామి నడుపుతున్న హాలులో తారీఖుల పనికి వెళ్లాలి. ఉద్యోగాలు పోవు, ఈ పని పోతుంది.

ఆ సాయంత్రం నర్సింగ్ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మేడం, మళ్ల ఆ తారీఖులల్ల పడితే నేను బయటకు రాను. దానికన్న ఊరికి పోయి బర్లు కాసుకుంట."

"బర్లు నీ మాట వింటాయా?" అన్నాను.

"పురుగులకన్న నయమే వింటయి," అన్నాడు. నవ్వలేదు.

తలుపు బయట బూట్లు

నివేదిక రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది. పనివాళ్లు పడుకునే గదుల తలుపుల బయట బూట్లు ఎందుకున్నాయి, పొరపాటా అని.

ఆ ప్రశ్న మాలో ఎవరికీ అర్థం కాలేదు. మా కంప్యూటర్ల గది గుమ్మం బయట కూడా పదకొండు జతల చెప్పులుండేవి. ఎవరు లోపలున్నారో, ఎవరు టీకి వెళ్లారో చెప్పులు చూసి చెప్పేవాళ్లం. నర్సింగ్ అంతరిక్షంలో నలభై గదులు కట్టి, ఆలోచించకుండానే ప్రతి తలుపు బయటా ఒక జత బూట్లు పెట్టాడు. "బూట్లేసుకొని లోపలికెట్ల పోతరు మేడం?" అని నన్నే అడిగాడు.

ప్రసాదరావు గారు తీసేయమన్నారు. వాళ్ల దేశంలో అలవాటు లేనిది మనకెందుకండి అన్నారు. నేను ఒక్క రోజు ఆగమన్నాను. ఎందుకంటే ఆ ప్రశ్న కిందే హెలెన్ ఇంకో వాక్యం రాసింది. బూట్లు చూసి లోపల ఎవరో ఉన్నారనుకున్నాను, తలుపు మెల్లగా తెరిచాను, ఎవరూ లేరు అని. ఆమె దాన్ని ఫిర్యాదుగా రాసింది. నివేదిక మొత్తంలో ఆమె తలుపు మెల్లగా తెరిచినట్టు రాసిన చోటు అదొక్కటే.

నమ్మకం అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. శనిగ్రహం దగ్గర చలి ఎంత, గురుత్వం ఎంత అని ఆటగాడు లెక్క వేయడు. లోపలికి వెళ్లిన మనిషి బూట్లు విడుస్తాడని అతడి ఒంటికి తెలుసు. విడిచిన బూట్లున్నాయి, మనిషి లేడు. అంతే, మిగతా కథ అతడే అల్లుకుంటాడు.

మర్నాడు కేంద్రం పటం పరిచి అడగడం మొదలుపెట్టాను. వంటగది ఏది? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? నలభై మందికి మరుగుదొడ్డి ఏది? కంప్యూటరు మెమరీ చాలదని అవన్నీ ముందే తీసేశారు.

"ఆటల ఎవలు పోతరు మేడం?" అన్నాడు నర్సింగ్.

"ఎవరూ పోరు. ఉందని తెలియాలి," అన్నాను.

తలుపు ఒకటి గీసి, దాని మీద మరుగుదొడ్డి గుర్తు వేసి, తాళం పెట్టాడు. లోపల గది కట్టలేదు. మెమరీ ఖర్చు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నమ్మకానికి గది అక్కర్లేదు, తలుపు చాలు.

దీపం అబద్ధం చెప్పకూడదు

మొదటి అంకం మధ్యలో కేంద్రానికి కరెంటు పోతుంది. ఆటగాడు నెత్తిమీది దీపంతో చివరనున్న ఫ్యూజు పెట్టె దాకా వెళ్లి, సరిచేసి తిరిగి రావాలి. నర్సింగ్ ఏం చేశాడంటే, ఆటగాడు ఒక మలుపు దగ్గరకు రాగానే దీపం ఆరిపోయేటట్టు పెట్టాడు. బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, ఆరిపోతుంది. అక్కడే పురుగు.

నేను ఒప్పుకోలేదు. మొదటిసారి ఆటగాడు భయపడతాడు. రెండోసారి ఆడినప్పుడు, బ్యాటరీ పొదుపు చేసుకుని మరీ వచ్చినా ఆరిపోయిందని చూసి మనల్ని తిడతాడు. ఆ తర్వాత ఆ ఆటలో ఏ దీపాన్నీ నమ్మడు, ఏ చీకటికీ భయపడడు. ఆటగాళ్లు కష్టాన్ని క్షమిస్తారు, మోసాన్ని క్షమించరు. మీరు ఎంత పెద్ద ఆట చేసినా ఇది మారదు.

అందుకని లెక్క కట్టాం. మా పదకొండు మందినీ ఆ దారిలో నడిపించి చూశాను. దారి తెలిసి నడిచినవాళ్లకు నాలుగు నిమిషాలు, తప్పిపోయినవాళ్లకు ఏడు. దీపానికి ఆరు పెట్టాను. జాగ్రత్తగా నడిచినవాడు వెలుగులోనే తిరిగొస్తాడు. దారి తప్పినవాడు ఆఖరి నిమిషం గోడ పట్టుకుని చీకట్లో నడుస్తాడు, అయినా చేరతాడు. తప్పు తనదేనని అతడికి తెలుస్తుంది. నిజంగా అలాంటి దీపం ఇంకా చాలాసేపు వెలుగుతుంది కదా అని ఒకరు అడిగారు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుందని, దీపం పక్కన చిన్న అంకెల్లో బయట చలి ఎంతో చూపించాం. ఇంకెవరూ అడగలేదు.

లెక్క కుదిరింది. భయం మాత్రం రాలేదు. కరెంటు పోయిన చోట మాలో ఒక్కరికీ గుండె వేగంగా కొట్టుకోలేదు. దీపం వేసుకుని, ఫ్యూజు పెట్టెకు వెళ్లి, తిరిగొచ్చి, "అయింది మేడం" అనేవాళ్లు. మే నెల వచ్చేసింది.

మే నెలలో రెండు మధ్యాహ్నాలు

తెరల మీద ఎండ పడకూడదని మా గది కిటికీలకు నల్ల కాగితం అంటించి ఉండేది. కరెంటు పోతే పట్టపగలే చీకటి. ఒక మధ్యాహ్నం పోయింది. కంప్యూటర్ల బ్యాటరీ పెట్టె కీచుమని మొత్తుకుంది, అందరూ పని భద్రం చేసుకుని యంత్రాలు ఆపేశారు. నర్సింగ్ అలవాటుగా వెళ్లి కిటికీ తలుపు తెరిచి కిందికి వంగాడు.

"యాదగిరన్నా, మీకుందా?"

"లేదు తమ్మి. అందరికి పోయింది."

అంతే. అందరూ ఒళ్లు విరుచుకున్నారు. ఒకరు టీకి దిగారు, ఒకరు బల్ల మీద తల పెట్టి పడుకున్నారు. గంట దాకా రాలేదు, ఎవరికీ పట్టలేదు.

రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ పోయింది. అదే గది, అదే వేళ, అదే చీకటి. నర్సింగ్ మళ్లీ వంగి అడిగాడు. కింద జిరాక్సు మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మాకుంది గదా," అన్నాడు యాదగిరి.

గదిలో ఎవరూ ఒళ్లు విరుచుకోలేదు. ఎవరూ కూర్చోలేదు కూడా. ఒకరు గాలి పీల్చి వాసన చూశారు. ఇంకొకరు గోడ మీద చెయ్యి పెట్టి వేడిగా ఉందా అని చూశారు. ఏదో వైరు కాలుతోందా, ఎక్కడ, ఎవరు ఏం పెట్టారు అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మెల్లగా మాట్లాడుతున్నారు. పక్క గదిలో ఏదో కదిలిన చప్పుడైతే పదిమందీ అటు తిరిగారు. తలుపు తీసుకుని ప్రసాదరావు గారు బయటకు వచ్చారు, చేతిలో ఉడకని కోడిగుడ్లతో. కొత్తగా కొన్న హీటరు ప్లగ్గులో పెట్టారట.

"మీకూ పోయిందాండి?" అని మమ్మల్నే అడిగారు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నర్సింగ్‌ను బాల్కనీలోకి పిలిచాను.

"మొన్న పోయినప్పుడు ఏం చేశావు?"

"ఏం జేస్త, పండుకున్న."

"ఇవాళ?"

"ఇవ్వాళ జర భయమైంది మేడం. మనకొక్కలకే పోయిందంటే..."

"పోయిందంటే?"

"తప్పు మనింట్లనే ఉన్నట్టు గదా."

ఇది చదివే మీలో కరెంటు కోతలు ఎరగనివాళ్లు ఉండవచ్చు. కరెంటు పోగానే మా తరం నోటికి వచ్చే మొదటి మాట "మనకేనా, అందరికా?" అన్నదే. ఎందుకో నాకు ఆ బాల్కనీలో నిలబడేదాకా తెలియలేదు. అందరికీ పోతే అది కరెంటాఫీసు వాళ్ల గొడవ, మనం చేసేదేమీ లేదు, హాయిగా కూర్చోవచ్చు. మనకే పోతే కారణం ఇంట్లో ఉంది. మనతోపాటే, ఈ చీకట్లోనే ఉంది. మనమే వెళ్లి వెతకాలి.

మా ఆటలో ఆటగాడికి కరెంటు పోయినప్పుడు ఆ ప్రశ్న అడిగే వీలు లేదు. కేంద్రానికి ఒక్క కిటికీ కూడా లేదు. అతడికి తెలిసింది చీకటి ఒక్కటే. చీకటికి ఎవరు భయపడతారు?

రెండు పురుగులు, ఒక కిటికీ

కేంద్రానికి ఒక కిటికీ, దానికి ఎదురుగా మంచు మీద ఇంకో భవనం ఉండాలి. ఆట మొదటినుంచి ఆటగాడు ఆ కిటికీ పక్కనుంచి రెండుమూడుసార్లు నడవాలి, అవతల దీపాలు చూసి అలవాటు పడాలి. కరెంటు పోయాక కిటికీ దగ్గరకు వెళ్తే అవతల దీపాలు వెలుగుతూ ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు.

దూరపు భవనాన్ని బొమ్మలాగా గీసి అంటించినా మెమరీ చాలదు అన్నాడు నర్సింగ్. ఏం తీసేస్తే చాలుతుంది అన్నాను. ఫ్యూజు పెట్టె దారిలో ఉన్న రెండు పురుగులు అన్నాడు.

ప్రసాదరావు గారికి చెప్పడానికి ఇద్దరం వెళ్లాం.

"భయం లేదని వాళ్లు రాశారు. మీరేమో ఉన్న పురుగుల్లో రెండు తీసేసి కిటికీ పెడతానంటున్నారు. రేపు నేను వాళ్లకేం చెప్పాలండి, సుగుణ గారూ? గాలి బాగా వస్తుందని చెప్పనా?"

"మొన్న కరెంటు పోయినప్పుడు మీరు గదిలోంచి బయటకు ఎందుకొచ్చారు?"

"అందరికీ పోయిందేమో చూద్దామని."

"అందుకేనండి కిటికీ."

ఆయనకు పూర్తిగా ఎక్కలేదు. అయినా నర్సింగ్ వైపు చూసి, "నీ పురుగులే కదా బాబూ, నీకు సమ్మతమేనా?" అని అడిగారు. ఆ రెండు పురుగుల కాళ్లు కదలడానికి నర్సింగ్ మూడు వారాలు కూర్చున్నాడని ఆయనకు తెలుసు. యజమానుల గురించి నాకు మంచి అభిప్రాయాలు ఎక్కువ లేవు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

"తీసేస్త సార్," అన్నాడు నర్సింగ్. "ఉండి ఏం జేస్తున్నయి?"

బయటకు వచ్చాక ఒక చిక్కు వచ్చింది. ఎదుటి భవనంలో దీపాలన్నీ వెలుగుతుంటే ఆటగాడు వాళ్లకు సొంత జనరేటరుందిలే అనుకుంటాడు. రాళ్ల అవతలి గుండ్రటి భవనాన్ని మేము అలాగే అనుకునేవాళ్లం. దానికి ఎప్పుడూ కరెంటు పోదు, అందుకే దాన్ని చూసి మాకు ఏమీ తెలిసేది కాదు. యాదగిరి దుకాణం చూస్తేనే తెలిసేది, ఎందుకంటే మా ఇద్దరి తీగా ఒకటే. అందుకని రెండు భవనాల మధ్య మంచు మీద ఒక తీగ గీయించాను. ఆటగాడు కేంద్రంలోకి వచ్చేటప్పుడు ఆ తీగ వెంబడే నడిచి వస్తాడు. చెప్పనక్కర్లేదు, చూస్తే చాలు.

ఫోన్‌లో

జూన్ మొదట్లో ఒక సాయంత్రం రెండో పరీక్ష. హెలెన్ అక్కడ ఆడుతుంది, మేము ఇక్కడ ఫోన్‌లో వింటాం. ఫోన్‌ను బల్ల మధ్యలో పెట్టి, అందరికీ వినపడేటట్టు మీట నొక్కి, చుట్టూ నిలబడ్డాం. ఆమె కనపడదు. ఆమె ఆటలోని చప్పుళ్లు మాత్రం వినపడుతున్నాయి. బూట్ల చప్పుడు, పంపుల హోరు, తలుపు జరిగిన చప్పుడు. నర్సింగ్ కళ్లు మూసుకుని ఆమె ఏ గదిలో ఉందో వేళ్లతో బల్ల మీద చూపిస్తున్నాడు.

పంపుల హోరు ఆగింది. కరెంటు పోయింది.

ఆమె అడుగుల చప్పుడు కూడా ఆగింది. కిటికీ లేనప్పుడు మేమైతే ఈపాటికి ఫ్యూజు పెట్టెకు బయలుదేరేవాళ్లం. ఇప్పుడు కదలడం లేదు. ఆట ఆపేసిందేమో అన్నట్టు ప్రసాదరావు గారు నా వైపు చూశారు. నేను ఆగమని చెయ్యి చూపాను. కాసేపటికి మెల్లగా నాలుగు అడుగులు, ఆ తర్వాత గాలి ఊళ. కిటికీ దగ్గర మాత్రమే వినపడే గాలి అది.

అప్పుడు ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు, ఆమె భాషలోనే, అంది. "వాళ్లకు ఉంది. మనకే పోయింది."

ఆమె పుట్టి బుద్ధెరిగి ఎన్ని కరెంటు కోతలు చూసిందో నాకు తెలియదు. ఆ మాటను ఆమెకు ఎవరూ నేర్పలేదు. "మనకే" అంది. ఆ కేంద్రంలో తనూ ఒకతె అయిపోయింది. నర్సింగ్ కళ్లు తెరిచాడు.

ఆ తర్వాత అడుగులు చాలా మెల్లగా పడ్డాయి. ప్రతి తలుపు దగ్గరా ఆగాయి. ఆ దారిలో ఇప్పుడు ఒక్క పురుగు కూడా లేదని మాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఫ్యూజు పెట్టె తెరిచిన చప్పుడు, పంపులు మళ్లీ లేచిన చప్పుడు వినపడ్డాక ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. పన్నెండేళ్లలో నాకు వచ్చిన మెప్పు లేఖలన్నీ కలిపినా ఆ ఊపిరికి సరిపోవు.

తీర్పు చెప్పడానికి ఆమె ఎక్కువసేపు తీసుకోలేదు. ఈ అంకానికి ఒప్పుకుంటున్నాం, మిగతావి కట్టండి. పురుగులను పెంచకండి. బూట్లు అలాగే ఉంచండి. ప్రసాదరావు గారు ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేశారు.

నర్సింగ్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు, నవ్వు రాబోతున్నట్టుంది, ఇంకా రాలేదు. మదీనాగూడ వెళ్లనక్కర్లేదన్న మాట ఒక్కొక్కరికీ ఒక్కో క్షణంలో అర్థమవుతోంది.

సరిగ్గా అప్పుడే మా గదిలో కరెంటు పోయింది.

ఒక్కరం కూడా కదలలేదు. రెండు నెలలుగా మేమే తయారుచేసిన చీకటి అది, దాంట్లో మేమే నిలబడ్డాం. నర్సింగ్ తడుముకుంటూ వెళ్లి కిటికీ తెరిచాడు.

"యాదగిరన్నా, మీకుందా?"

కిందనుంచి ముందు అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడింది.

"యాడిది తమ్మి. అందరికి పోయింది."

చీకట్లో నా పక్కనుంచి ప్రసాదరావు గారి గొంతు వినపడింది. "అమ్మయ్య," అన్నారు.